ఎవరికని అడగొద్దు

చీరల దుకాణంలో పనంటే ఏముందిలే, మడత విప్పి చూపించడం, మళ్ళీ మడత పెట్టడం, అంతేగా అనుకునేవాళ్ళు షమ్షున్నీసా దుకాణంలో ఒక్క పూట నిలబడి చూడాలి. చీకటి పడేసరికి వాళ్ళ తెలివి తెల్లారుతుంది. సిద్దిపేట బజారులో అద్దాల షోరూములు ఎన్ని వచ్చి పడ్డా ఆ ఇరుకు దుకాణానికి గిరాకి తగ్గలేదంటే దానికి కారణం చీరలు కావు. గల్లాపెట్టె వెనక, కళ్ళజోడు ముక్కు మీదికి జార్చుకుని కూర్చునే ఆ ముసలావిడ. అందరూ ఆమెను ఆపా అంటారు, అక్క అన్నట్టు. పెళ్ళివారు బస్సు వేసుకుని వచ్చినా ఆమె గల్లా దగ్గరి నుంచి లేవదు. గుమ్మంలో చెప్పులు విప్పుతుండగానే మనిషిని చదివేస్తుంది.

నవత పని అడగడానికి వచ్చిన రోజునా అంతే. ఆమె ఇంకా నోరు తెరవనేలేదు, ఆపా ఆమె చేతిలోని ఫోను వంక చూసి, "మొగుడు దుబాయ్‌ల ఉన్నడా?" అంది.

"సౌదీల ఆపా."

"ఫోను చేస్తలేడా?"

నవత కళ్ళలో గిర్రున నీళ్ళు తిరిగాయి. నీకెట్లా తెలిసిందన్నట్టు ఆపా వంక చూసింది.

"వచ్చిన కాడికెల్లి సూస్తున్న, ఆ ఫోను తిప్పి తిప్పి సూసుకుంటనే ఉన్నవ్," అంది ఆపా. "రేపటి సంది రా. ఫోను మాత్రం నా గల్లాల ఉంటది. మోగితే నేనే పిలుస్త. గిరాకి ముంగట ఏడుపు మొఖం పెట్టొద్దు. నీ బాధ చూసి వాళ్లు చీర కొనరు, లేచి పోతరు. సమజైందా?"

సమజు కాకేం. కానీ బాధను గడప బయట చెప్పులతో పాటు విప్పి పెట్టి రావడం ఎట్లాగో అది కూడా ఆపానే చెబితే బాగుండేది.

నవత మొగుడు కర్ణాకర్ సౌదీ వెళ్ళింది కట్టడాల దగ్గర షట్టరింగు పనికి. పగలంతా ఎండలో మాడినా, సాయంత్రం గదికి రాగానే ఫోను చేసి కూతురితో ఎంతసేపైనా ముచ్చట్లాడే మనిషి. అట్లాంటివాడు బోనాల ముందు నుంచి ఉలుకూ పలుకూ లేడు. వాట్సాప్‌లో నవత పెట్టిన మాటలన్నీ ఒక్క టిక్కుతోనే వేలాడుతున్నాయి. అతణ్ణి పంపిన ఏజెంటు ఆఫీసు పాత బస్టాండు వెనక సందులో ఉంది. ఆమె సిద్దిపేటలో పని వెతుక్కున్నది అందుకే. అన్నం తినే వేళకు పరుగెత్తి ఆ ఆఫీసు గడప ముందు నిలబడేది. ఏజెంటు ఫోను చెవి దగ్గర పెట్టుకునే, "రేపు తెలుస్తదమ్మా," అనేవాడు. ఎంత నీచుడో అతను. ఆ రేపు ఎప్పటికీ రాదని అతనికీ తెలుసు.

పని సంగతి ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. కొండపాకలో కూతురిని కనిపెట్టుకుని ఇంట్లో ఉండే అత్త లక్ష్మమ్మకు, చంద్లాపూర్‌లో ఉన్న అన్న నర్సింహకు, సిద్దిపేటలో కుట్టుపని నేర్చుకుంటున్నానని చెప్పింది. తండ్రి పోయాక నర్సింహే ఆమెను పెంచి పెళ్ళి చేశాడు. ఆయనకు ఉన్న ఒక్క చెల్లెలు నవత. చెల్లెలంటే ప్రాణం, పరువంటే అంతకంటే కాస్త ఎక్కువ ప్రాణం. మా ఆడబిడ్డ దుకాణంలో నిలబడి పదిమందికి చీరలు చూపెట్టుడేంది అంటూ ఇల్లు పీకి పందిరేస్తాడు. అందుకని కుట్టు అన్నమాట. మొన్న రాఖీ పండుగకు పోయినప్పుడు, "కుట్టు నేర్సుకుంటున్నవట గద, ఏదీ, గీ తెగిన చెప్పు కుట్టు సూద్దాం," అని ఆయన ఎగతాళి చేస్తే, గడపలో కూర్చుని నల్లదారంతో అడ్డదిడ్డంగా కుట్టి ఇచ్చింది. ఆయన నవ్వి, అదే తొడుక్కుని ఊరంతా తిరిగాడు. ఆ నల్లదారం ముచ్చట నవత ఆపాకు చెప్పి నవ్వించింది కూడా.

ఇక దుకాణంలో ఆపా పాఠాలు. లోపలికొచ్చిన ఆడమనిషి కన్ను మొదట ఏ చీర మీద ఆగిందో చూసి, దాన్ని చల్లగా పక్కకు జరిపేయాలి. పరుపు నిండా చీరలు పరిచి, విసుగొచ్చి ఆమె లేవబోయే ముందు, అప్పుడే గుర్తొచ్చినట్టు దాన్ని బయటికి తీయాలి. బేరం మారుమాట లేకుండా తెగుతుంది. నవత నమ్మలేదు. మధ్యాహ్నానికి నమ్మింది. అత్తాకోడళ్ళు కలిసి వస్తే చీర కోడలికి చూపించాలి, మాట అత్తతో మాట్లాడాలి. బతుకమ్మ పండుగ దగ్గర పడి దుకాణం కిటకిటలాడుతున్నా, ఆపా ఈ మాటలన్నీ గల్లా దగ్గర కూర్చునే, పెదవి కదిలీ కదలనట్టు చెప్పేది. నవత వింటూనే ఉండేది, ఒక చెవి మాత్రం ఎప్పుడూ గల్లాలోని ఫోను దగ్గరే ఉండేది. ఏ ఫోను మోగినా ఆమె చేతిలో చీర జారిపోయేది.

ఆ దుకాణంలో ఇంకో ఆనవాయితీ ఉంది. ఏ చీర అమ్ముడుపోయినా పెళ్ళికూతురి బొమ్మ ఉన్న కవరులో పెట్టి, పైన చిన్న పసుపు కుంకుమల పొట్లం వేసి ఇస్తారు. ముస్లింల దుకాణంలో కుంకుమేమిటని మూతి తిప్పేవాళ్ళు తిప్పుతారు, కానీ ఆపా మామగారు దుకాణం పెట్టిన నాటి పద్ధతి అది. ఆ పొట్లం శుభమని దానికోసమే వచ్చే ఆడవాళ్ళున్నారు. నవత మునిగింది కూడా ఆ పొట్లం దగ్గరే.

ఒకరోజు ఇద్దరు మగవాళ్ళు వచ్చారు. నవత ఎదురెళ్ళి, "రాండ్రి అన్నా, పెండ్లికా? చీర ఎవరికి?" అని అడిగింది. వాళ్ళలో పెద్దాయన తల దించుకుని, "మా చెల్లెకు," అన్నాడు. చేతికి దొరికిన చీర చూపించి ఇదే ఇయ్యమన్నాడు. ఇంత మంచి గిరాకి ఉంటుందా అని నవత మురిసిపోయి, బొమ్మల కవరులో పెట్టి, పొట్లం వేసి, "మల్ల రాండ్రి," అని నవ్వుతూ సాగనంపింది. ఆపా ఆ సమయంలో నమాజుకని లోపలికి వెళ్ళి ఉంది.

మర్నాడు ఆ పెద్దాయన ఒక్కడే వచ్చాడు. ఆ పొట్లాన్ని తెచ్చి గల్లా మీద పెట్టాడు.

"గిది మా చెల్లె చేతుల పడ్డదమ్మా," అన్నాడు. ఇంకేమీ అనలేదు. వెళ్ళిపోయాడు.

అప్పుడు అర్థమైంది నవతకు. సిగ్గుతో చచ్చిపోయింది. ఆపా అరవలేదు, తిట్టలేదు. తిట్టినా బాగుండేది. గిరాకి పలచబడ్డాక దగ్గరికి పిలిచి కూర్చోబెట్టుకుంది.

"మొగుడు పోయిన ఆడిదానికి తల్లిగారింటి చీర పెడతరు. ఎవరు తేవాలె?"

"అన్నదమ్ములు ఆపా."

"మరి తెలిసి గూడ ఎట్ల అడిగినవే? మొఖం సూడకు, ముందు చెప్పులు సూడు. పెండ్లోళ్లు గుంపుగ వస్తరు, చెప్పులు ఒకదాని మీద ఒకటి పడేస్తరు. చావు ఇంటోళ్లు ఎంట ఆడోళ్లను తేరు, మొగోళ్లే వస్తరు. చెప్పులు పక్కకు పెట్టి, కూసొమ్మనే దాంక నిలబడతరు. కూసున్నా పరుపు అంచుకే కూసుంటరు. చీర మడత ఇప్పరు. రంగు సూడరు, రేటు అడగరు. మనం సూపెట్టేటిది సూడకుండ బయటికి సూస్తరు. అసొంటోళ్లకు లేత రంగుయి మూడంటే మూడే చూపెట్టు. బొమ్మల కవరు వద్దు, తెల్ల కాయితంల సుట్టు. పొట్లం ఎయ్యకు. మల్ల రాండ్రి అనకు. ఎవరికని మాత్రం అస్సలు అడగకు. ఆ మాట వాళ్ల నోటితోని చెప్పిచ్చుడు పాపం బిడ్డా."

కళ్ళజోడు తుడుచుకుంటూ, "నా మొగుడు పోయిన్నాడు మా తమ్ముడు బట్టలు తెచ్చిండు. ఏ దుకాణంల ఎట్ల కూసుని తెచ్చిండో అని ఇప్పటికీ అనుకుంట," అంది. వెంటనే గొంతు మార్చి, "ఇంకొక్కసారి గిట్లైతే పనికి రాకు," అని లేచిపొమ్మంది.

ఆ రోజు నుంచీ నవతకు చెప్పులు చూడటం అలవాటైపోయింది. అలవాటయ్యాక చూస్తే భయం వేసింది, ఆపా చెప్పింది ఒక్కసారీ తప్పడం లేదు. గుమ్మంలో ఇద్దరు మగవాళ్ళు చెప్పులు పక్కకు పెట్టారంటే చాలు, ఎక్కడో ఒక ఆడదాని బతుకు కూలిపోయిందన్నమాటే.

ఈ మనిషికి తెలియనిది లేదనిపించి, ఒకరోజు ఉండబట్టలేక అడిగేసింది. "అందరియి చెప్తవు గద ఆపా. మా ఆయన ఎట్లున్నడో గూడ చెప్పరాదు."

ఆపా లెక్కపెడుతున్న నోట్లు పక్కన పెట్టింది. "నా గడప తొక్కినోళ్లదే నాకు తెలుస్తది నవతా. ఆడెక్కడో ఉన్నోళ్లది నాకేం తెలుసు, అల్లాకు తెలుసు," అంది.

ఇంకో సంగతి కూడా నవత అక్కడే నేర్చుకుంది, కాకపోతే అది ఆపా నేర్పింది కాదు. తోటి పనిపిల్ల సంధ్య మొగుడు తాగి వచ్చి బజారులో నిలబడి కేకలు పెట్టేవాడు. వాడు సందు మలుపులో కనబడగానే ఆపా, "సంధ్యా, పైకి పోయి గద్వాల చీరలు తీస్కరా," అనేది. సంధ్య మేడ మీదికి పోయి, వాడు వెళ్ళిపోయేదాకా దిగేది కాదు. ఒకసారి నవత పైకి వెళ్ళి వెతికితే అక్కడ ఖాళీ అట్టపెట్టెలు తప్ప ఏమీ లేవు. సంధ్య పకపకా నవ్వింది. "పిచ్చిదానా, మన దుకాణంల గద్వాల చీరలు ఎన్నడున్నయే? ఆపా అట్లన్నదంటే కిందికి రావొద్దని. కింద నీకు కనబడొద్దన్నది ఏదో ఉన్నదని."

పండుగ తొలిరోజైన ఎంగిలిపూల బతుకమ్మ ఇంకా రెండు మూడు రోజులుందనగా, ఏజెంటు ఆఫీసుకు తాళం పడింది. పక్క కొట్టువాణ్ణి అడిగితే, "ఏమో అక్కా, నిన్నటి సంది తెరుస్తలేడు," అన్నాడు. నవత ఆ తాళం పట్టుకుని లాగింది. రెండు చేతులతో షట్టరు బాదింది. దారిన పోయేవాళ్ళు ఆగి చూస్తున్నారని కూడా తోచలేదు. ఉన్న ఒక్క దిక్కూ పోయింది, ఇక ఎవరిని అడగాలి, ఎక్కడికి పోవాలి. దేవుడా, కాలు విరిగిందనో జైల్లో పడ్డాడనో అయినా ఒక కబురు పంపు, అదైనా మోస్తాను అని మొక్కుకుంటూ దుకాణానికి తిరిగొచ్చింది. అన్నం డబ్బా మూత కూడా తీయలేదు. ఆపా ఆమె ముఖం చూసి, "ఇయ్యాల గిరాకి ముంగటికి రాకు. ఎనక కూసుని కొత్త చీరలు మడత పెట్టు," అంది.

వెనక అరల చాటున, తెర అవతల కూర్చుంది నవత. కాసేపటికి సంధ్య తెర తొలగించుకుని వచ్చింది. ముఖం పాలిపోయి ఉంది. నవత కళ్ళలోకి చూడలేదు.

"ఆపా నిన్ను పైకి పొమ్మన్నది. గద్వాల చీరలు తెమ్మన్నది," అంది.

నవత లేచి చెక్కమెట్లు ఎక్కసాగింది. సగంలో కాళ్ళు ఆగిపోయాయి. తనను ఎవరి నుంచి దాస్తోంది ఆపా? తాగి వచ్చి రచ్చ చేసే మొగుడు తనకు లేడు, ఉన్నవాడి జాడే లేదు. వంగి, మెట్ల కటకటాల్లోంచి కిందికి చూసింది. ఆపా నేర్పిన అలవాటు, ముందు గుమ్మం వైపే చూసింది.

రెండు జతల మగవాళ్ళ చెప్పులు. ఒకదాని పట్టీకి నల్లదారంతో అడ్డదిడ్డపు కుట్టు.

అన్న. గుండె గుభేలుమంది, మరుక్షణమే తేలికపడింది కూడా. పని సంగతి బయటపడిందన్నమాట, తిట్టడానికి వచ్చాడన్నమాట, అందుకా ఆపా దాస్తున్నది. తిడితే తిట్టనీ, కొడితే కొట్టనీ అనుకుంది. అనుకుంటూనే మళ్ళీ చూసింది. ఆ చెప్పులు గుమ్మానికి అడ్డం లేకుండా, ఒక పక్కగా, గోడకు ఆనించి పెట్టి ఉన్నాయి.

లోపల నర్సింహ పరుపు అంచుకు కూర్చుని ఉన్నాడు. పక్కన చిన్నబాపు దుబ్బయ్య, తండ్రి తమ్ముడు. వెంట వదిన లేదు. పరుపు మీద మూడు చీరలున్నాయి, మూడూ లేత రంగువే. ఆపా ఏమీ అడగడం లేదు. అన్న చీరల వంక చూడటం లేదు, బయట రోడ్డు వంక చూస్తున్నాడు. అర్ధరూపాయి దగ్గర కూడా బేరమాడే మనిషి, ఇంతసేపైనా రేటు అడగలేదు.

"ఏ ఊరికి కొంచవోవాలె?" అని ఆపా మెల్లగా అడగడం వినిపించింది. ఆమెకు జవాబు ముందే తెలుసు. అయినా తన లెక్క తప్పాలని ఆమెకూ ఉన్నట్టుంది.

"కొండపాకకు. పొద్దుగాల సౌదీకెల్లి పెట్టె వస్తది, పట్నం ఏర్పోర్టు మీదుగ," అన్నాడు దుబ్బయ్య. "మా పిల్లకు ఇంకా చెప్పలేదు."

నవత మెట్టు మీద కూలబడింది. కాదు, ఇది వేరే ఎవరిదో. కొండపాకలో ఇంకెంతమంది లేరు. సౌదీలో ఇంకెంతమంది లేరు. అన్న వేరే ఎవరికో చీర కొంటున్నాడు, ఎవరికో. కానీ తల్లిగారింటి చీర అన్నదమ్ములే తేవాలి. నర్సింహకు ఉన్నది ఒక్క చెల్లెలు. ఎటు తిరిగినా, ఆ పాడు పాఠాలన్నీ వచ్చి ఆమె మెడకే చుట్టుకుంటున్నాయి. ఏమీ నేర్వకుండా ఉన్నా బాగుండేది. ఏమీ తెలియని మొద్దులా ఎదురెళ్ళి పెండ్లికా అన్నా అని అడిగి ఉండేది. ఈ ఒక్కసారి, ఈ ఒక్కసారికి ఆపా లెక్క తప్పయితే చాలు, జీవితాంతం ఈ గడప ఊడుస్తాను అనుకుంది.

పైకి పోలేదు. దిగి వచ్చింది.

ఆపా చూసింది, చెయ్యెత్తి వద్దన్నట్టు ఆపబోయింది, ఆగిపోయింది. నవత రోజూ గిరాకి ముందు కూర్చునే చోట, పరుపు మీద, అన్నకు ఎదురుగా వచ్చి కూర్చుంది. నర్సింహ రోడ్డు మీది నుంచి చూపు తిప్పాడు. ముఖంలో నెత్తుటి చుక్క లేకుండా పోయింది.

"నువ్వేంది గీడ," అన్నాడు. "నువ్వు కుట్టు..."

"చీర ఎవరికన్నా?" అంది నవత.

ఆ దుకాణంలో అడగకూడని మాట అదొక్కటే. సంధ్య గోడకు తిరిగి నోట్లో కొంగు కుక్కుకుంది. దుబ్బయ్య తువ్వాలతో ముఖం కప్పుకుని, "బిడ్డా, లే, ఇంటికి పోదాం పా," అన్నాడు.

"నేను నిన్ను అడుగుతలేను చిన్నబాపూ. అన్నను అడుగుతున్న. ఎవరికి గీ చీర?"

నర్సింహ తల దించేసుకున్నాడు. ఆయన్ను చూస్తే ఆ క్షణాన కూడా ఆమెకు జాలేసింది. చిన్నప్పుడు జ్వరమొస్తే భుజాన వేసుకుని సిద్దిపేట దవాఖానకు నడిచిన మనిషి, ఇప్పుడు ఒక్క మాట చెప్పలేక చెమటలు కక్కుతున్నాడు. జాలి వేసినా ఆమె ఆగలేదు. ఆయన ముందున్న చీర అందుకుంది. మడత సరిచేసింది. తెల్ల కాగితం తీసుకోలేదు. పెళ్ళికూతురి బొమ్మ కవరు తెరిచి అందులో పెట్టింది. బుట్టలోంచి పసుపు కుంకుమల పొట్లం తీసి, అందరూ చూస్తుండగా, చీర మీద వేసింది. కవరు అన్న ముందుకు జరిపింది.

"పొట్లం ఏసిన," అంది. "ఎయ్యొద్దయితే నువ్వే తియ్యి. ఎవరు చెప్పినా నేను నమ్మ. నువ్వు తీస్తే నమ్ముత."

గల్లా దగ్గర కుర్చీ కిర్రుమంది. ఎవరొచ్చినా లేవని ఆపా లేచింది. మోకాళ్ళు పట్టుకుని నడుస్తూ వెళ్ళి, దుకాణం షట్టరు సగానికి దించింది. బజారు చప్పుడు తగ్గింది.

నర్సింహ చెయ్యి కదిలింది. కవరులోకి పోయింది. పొట్లం వేళ్ళకు తగిలినట్టుంది, కవరు చిన్నగా గరగరలాడింది. ఆ చెయ్యి మళ్ళీ బయటికి రాలేదు. కవరులో చెయ్యి అట్లాగే పెట్టుకుని, పరుపు మీదికి ఒరిగిపోయి, అంత పెద్దమనిషీ వెక్కి వెక్కి ఏడ్చాడు.

నవత ఏడవలేదు. ఆ కవరు వంకే చూస్తూ కూర్చుంది.

"తియ్యన్నా," అంది. "తియ్యవేంది?"